అత్తా అల్లుళ్ల పిత్తనాళం

గోడవైపు తిరిగి పడుకుంటే సరిపోతుందా అత్తయ్యగారూ? రేపు పొద్దున్న కోసేది నా పొట్ట! మీ వంతు వచ్చేవారం కదా, హాయిగా అలగండి.

ఇద్దరం పొట్ట పట్టుకుని ఒకే ఆసుపత్రిలో, పక్కపక్క మంచాల మీద! ఖర్మ కాకపోతే ఏమిటి? ఆ డాక్టరు మనల్ని తల్లీకొడుకులనుకున్నాడు. "ఇద్దరికీ పిత్తనాళం ఉబ్బింది, క్లోమంలో గొట్టమూ ఉబ్బింది, రాయి మాత్రం లేదు. ఆహా, ఏం పోలికండీ!" అని ఒకటే మురిసిపోవడం. "నేను అల్లుణ్ణి బాబూ" అన్నాక ఆయన ముఖం వాడిపోయింది. వెంటనే మీ ఇంటి నీళ్లలోనే ఏదో ఉందంటూ మీ అమ్మాయిని కూడా స్కానింగ్‌కి పంపాడు.

నల్లమందు అలవాటుందా అని అడిగాడు, విన్నారుగా? అది తింటే ఆ గొట్టాల మూతి బిగుసుకుపోతుందట. దర్జీవాణ్ణి, నాకా చెప్పాలి? సంచి మూతికి తాడు లాగి కట్టేస్తే లోపలి సరుకు ఎటు పోతుంది? పైత్యరసం, క్లోమరసం, అన్నీ వెనక నిలిచిపోయి ఉబ్బుతుంది మరి. అలవాటుంటే మాన్పించి చూస్తాం, లేదంటే గడ్డేమో, కోసి చూడాల్సిందే అన్నాడు.

నేనేమన్నాను? "ఛీ ఛీ, నల్లమందా? అదెలా ఉంటుందండీ?" అన్నాను. మీరు నన్ను మించిపోయారు. రెండు చెవులూ మూసుకున్నారు! అప్పుడు కూడా మీ బుగ్గలో ఉండ ఉందని నాకు తెలీదనుకున్నారా?

ఆఁ, ఇప్పుడు తిరిగారు ఇటు!

ఎలా తెలుసంటే... దుప్పట్ల పెట్టె అడుగున మీరు మోకాళ్ల నొప్పులకని దాచుకున్న ఆ చిన్న డబ్బా లేదూ? ఒకరోజు చలేసి దుప్పటి కోసం వెతికాను. రోజంతా మిషన్ ముందు వంగి కూర్చునేవాణ్ణి, నాకు మాత్రం నడుం లేదా? ఆవగింజంత తీశాను. మర్నాడు ఇంకో ఆవగింజ. అలా చూడకండి, భయమేస్తోంది.

నిజం చెప్పేయొచ్చుగా అంటారా? మీ అమ్మాయికి తెలిస్తే? నా చేత సిగరెట్లు ఎలా మాన్పించిందో మరిచారా? వీధి వీధంతా కిటికీలు తెరిచి చూసింది. కోసే ముందు మత్తిస్తారు. ఆవిడ నోటికి ముందు ఏమిస్తారు? అందుకే కోయించుకుంటున్నాను. కానీ భయంగా ఉంది అత్తయ్యగారూ, నిజంగా చాలా భయంగా ఉంది.

ఒకటే అంతుపట్టదు. మీరు మింగింది, నేను కాజేసింది కలిపినా ఆ డబ్బా అంత తొందరగా ఖాళీ కాకూడదు. ఎలక పడిందేమో అనుకునేవాణ్ణి.

ష్... వస్తోంది. కళ్లు మూసుకోండి.

ఏమే, ఏమిటా ఏడుపు? స్కానింగ్‌లో ఏమొచ్చింది? ఏమిటీ... నీదీ ఉబ్బిందా? రాయి కూడా లేదా?

అత్తయ్యగారూ, కళ్లు తెరవండి. ఎలక దొరికింది.

అమ్మా నర్సమ్మా, ఆ కత్తులు లోపల పెట్టేసి డాక్టరుగారిని ఓసారి పిలవండి. మా ఇంటిల్లిపాదీ కలిసి ఓ మాట చెప్పుకోవాలి.