తొలి కేసెట్టు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు. తుఫాను చేయాల్సిందంతా చేసి పోయింది. ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తోంది. ఐసు ఫ్యాక్టరీ గోడవార ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు, తన పాటలు తానే కట్టుకుని తానే పాడుకునే సుందర్ రాజ్ మేస్టారు. రెండోవాడు, ఆ పాటలకి కేసెట్లు తీసిచ్చే రేడియో మెకానిక్కు జగ్గయ్య.

“ఇంటికెల్లండి మేస్టారూ. మీ అమ్మగారు మళ్ళీ కబురెట్టేరు.”

“నూకన్న బోటు రాకుండా ఎక్కడికెళ్తాను జగ్గయ్యా? మిగతావి ఎన్ని వచ్చేయి?”

“అన్నీ వొచ్చేసేయండి.”

“అన్నీ?”

“నూకన్నది తప్ప.”

“చూసేవా మరి!”

“రాదని ఎందుకనుకోవాల? గాలికి కొట్టుకుపోయి ఏ భీమిలి కాడో, కళింగపట్నం కాడో ఒడ్డెక్కుంటాది. నేవీ ఓళ్ళు కూడా ఎతుకుతన్నారు. నూకన్న పుట్టిందే నీళ్ళలో.”

“అదే నాకు అంతుపట్టడం లేదు. బోటు నడపడంలో అంతటి సరంగు! అందరూ వెనక్కి తిరిగొచ్చేసినప్పుడు ఆడొక్కడూ ఎందుకు ఉండిపోయేడు?”

“ఇంజను సెడిపోయుంటాదండి. టీ తాగుతారా?”

“ఇంజను కొత్తగా బాగుచేయించేనన్నాడు కదా.”

“బాగుసేయించిన ఇంజన్లే సెడిపోతాయి. టీ సెప్పమంటారా...”

“టీ వద్దయ్యా!”

“సరే, సరే. కోప్పడకండి. అటు సూడండి, స్టీల్ ప్లాంటు సైటు నుంచి మన పాటల సంఘమోళ్ళు లారీ ఎక్కి వొచ్చేసేరు. ఆసుపత్రి నర్సమ్మలూ వొచ్చేరు. నూకన్నంటే అందరికీ అంత ఇది.”

“అందర్నీ కూడేసింది ఆడే కదా. మద్రాసు కంపెనీ వాళ్ళు ‘ఈ పాటలెవడు కొంటాడు’ అన్నప్పుడు, వల లాగుతూ తొలీత విన్నది ఆడు.”

“మరే. తొలి కేసెట్టు సముద్రం మీదకే. ఆడు తిరిగొచ్చి ఏ పాటకి బుర్రూపితే ఆ పాటే నాను ఊళ్ళోకి కాపీలు తీసేది. మన సంఘానికి అదో ఆచారమైపోనాది.”

“ఈసారి కేసెట్టు ఆడి చేతిలో పెట్టినప్పుడు నువ్వున్నావు.”

“ఉన్నాను.”

“నేనేం చెప్పేను?”

“అయ్యన్నీ ఇప్పుడెందుకండి.”

“చెప్పు జగ్గయ్యా.”

“ఏటో సెప్పేరు. ఎవుడికి గుర్తు?”

“నాకు గుర్తుంది. ‘ఆదివారం బీచిలో సభ. కోరసంతా మీ బోటు వాళ్ళదే. నోటికొచ్చేవరకూ టేపు ఆపొద్దు. ఆపితే నా మీదొట్టు’ అన్నాను.”

“నవ్వులకన్నారండి, ఎవుడికి తెలీదు?”

“ఆడు నవ్వలేదు. కేసెట్టు కళ్ళకద్దుకున్నాడు.”

“ఎండ నెత్తిమీదకొచ్చీసింది. నీడలోకి జరగండి.”

“నువ్వు మెకానిక్కువి, నిన్నో మాటడుగుతాను. సంఘం తరఫున ఆళ్ళ బోటుకి టూ ఇన్ వన్ టేపురికార్డరు ఇచ్చేం కదా. దాంట్లో రేడియో కూడా ఉంది కదా?”

“లేకేటి? గంటలా పలుకుతాది.”

“టేపు నడుస్తున్నప్పుడు?”

“సెల్లులు కొత్తవే ఏసేనండి.”

“సెల్లుల మాట ఎవరడిగేరు? టేపు నడుస్తుంటే రేడియో పలుకుతుందా?”

“జపాను సెట్టండి అది. ఓడ మీంచి దిగిన సరుకు. అలాంటిలాంటిది కాదు...”

“జగ్గయ్యా!”

“పలకదు. రెండిట్లో ఏదో ఒకటే పలుకుతాది. టేపెడితే రేడియో మూగ.”

“మరి తుఫాను కబురు...”

“ఉండండుండండి! ఆడి పాత ట్రాన్సిస్టరు ఉన్నాది కదేటి! కేబిన్లో తాడుతో కట్టి, ఎప్పుడూ దానెమ్మటే చెవొగ్గి ఉంటాడు. నాను మరిసేపోనాను సూడండి. దాన్లో ఇనుంటాడు. ఇనే ఉంటాడు!”

“నిజమేనంటావా?”

“నిజమే మరి! ఊరికే బుర్ర పాడు సేసుకుంటన్నారు. ష్... నూకన్న పెళ్ళాం వొత్తంది. ఆయమ్మ ముందు ఈ మాటలెత్తకండి. ఏటప్పా చిలకమ్మా, ఇలాగొచ్చేవు?”

“మేస్టరు బాబుని సూద్దారని. ఏటైనా తిన్నావా బాబూ? మొకం పీక్కుపోనాది.”

“నాదేముందమ్మా. నీ చంకలో ఏంటది, గుడ్డలో చుట్టేవు?”

“రేడియో, బాబూ. మళ్ళీ ఏటైనా కబురు సెప్తారేమోనని మోసుకు తిరగతన్నాను.”

“ఏ రేడియో?”

“ఆడి పాత ట్రాన్సిస్టరే. తాడు కూడా ఇంకా ఇప్పలేదు, సూడు.”

“అది బోటులో కదా ఉండాలి!”

“కొత్తదాన్లో రేడియో కూడా ఉన్నాది, ఇంకిదెందుకని ఇంటికాడ ఒగ్గేసి ఎల్లినాడు. మొన్న సందేళ దీన్లోనే ఇన్నాను, బోట్లన్నీ ఎనక్కొచ్చేయమని. ఆడూ ఇంటాడు కదా, వొచ్చెత్తాడు కదా అని అన్నమొండి కూకున్నాను.”

“చిలకమ్మా, నేను... ఆ కేసెట్టు...”

“నువ్వేటి సేత్తావు బాబూ, సముద్రానికి ఎవుడు అడ్డెడతాడు? నీ పాటంటే పేణం ఆడికి. ప్రార్థన సెయ్యి. మీ యేసుప్రభువైనా మా గంగమ్మైనా, ఎవరో ఒకరు ఇంటారు. నాను జెట్టీ సివరకెల్లి సూసొత్తాను.”

“జాగ్రత్తప్పా, తడిసున్నాది, జారుతాది! మేస్టారూ, కూకోండి.”

“కూర్చోలేను జగ్గయ్యా. నా పాటకి ఒక ఊరు పుట్టిందని మురిసిపోయేను. నేను ఏమంటే అది చేస్తారని గొప్పలు చెప్పుకున్నాను.”

“ఊరుకోండి. రేడియో లేకపోతేనేటి, మబ్బు సూసైనా ఎనక్కి తిరిగుంటాడు. సుట్టుపక్కల బోట్లోళ్ళైనా సెప్పుంటారు. ఆళ్ళలో ఆళ్ళు ఒగ్గేసుకోరు.”

“ఎవరు చెప్పుంటారు? అదిగో, ఆ వలల మీద తలొంచుకు కూర్చున్నది ఎల్లాజీ కదా? ఆడి బోటు కూడా అటే వెళ్ళింది. ఎల్లాజీ! ఇలా రా!”

“ఆణ్ణి పిలవకండి మేస్టారూ.”

“ఎందుకు పిలవొద్దు?”

“ఒడ్డెక్కిన కాణ్ణుంచి ఎవుళ్ళతోనూ మాటాడ్డం లేదాడు.”

“నాతో మాట్లాడతాడు. ఎల్లాజీ, నూకన్న బోటు కనపడిందా నీకు?”

“కనపడింది మేస్టారూ.”

“ఎక్కడ? ఎప్పుడు?”

“మొన్న పొద్దుగూకేముందు. మేం రేడియోలో ఇని ఎనక్కొచ్చెత్తన్నాం. ఆళ్ళు ఇంకా లోపలికెల్తన్నారు.”

“మరి చెప్పలేదా?”

“ఒరే ఎల్లాజీ, ఎల్లి పడుకోరా. నీకు జొరంగా ఉన్నాది.”

“నువ్వుండు జగ్గయ్యా! చెప్పలేదా ఎల్లాజీ?”

“గొంతు సించుకుని అరిసేం మేస్టారూ. ఇంజన్ల రొదలో ఇనపడితేనా? దగ్గిరికెల్దారంటే అప్పటికే కెరటాలు లేసిపోనాయి, గుద్దుకుంటే రెండు బోట్లూ పోతాయి. తువ్వాళ్ళిప్పి, సొక్కాలిప్పి ఊపేం. ఎనక్కి, ఎనక్కి అని గంతులేసేం.”

“చూసేడా నూకన్న?”

“సూసేడు. అందరూ అంచుకాడికొచ్చి నిలబడ్డారు. నవ్వుతన్నారు. ఆళ్ళూ తువ్వాళ్ళు ఊపేరు.”

“ఎందుకు? ఎందుకూపేరు?”

“మేం పాట ఇనపడక గంతులేత్తన్నాం అనుకున్నారు మేస్టారూ... నూకన్న ఆ సెట్టు రెండు సేతులా పైకెత్తి, మాకేసి తిప్పి, సౌండు పెంచేడు.”