పెన్సిల్ చుక్కలు

మత్తు అలవాటు మాన్పించే ఆసుపత్రిలో రికార్డుల గది. బల్లకు ఇటువైపు డాక్టరమ్మ, అటువైపు వచ్చే నెల రిటైరయ్యే గుమస్తా.

“ఆ ఉత్తరం అప్పుడే పంపకండి డాక్టరమ్మా.”

“మళ్లీ అదే మాట. ఎందుకో మాత్రం చెప్పరు. పైవాళ్లు మధ్యాహ్నంలోగా కావాలన్నారు బాబాయ్.”

“ఆడవాళ్ల వార్డు తీసేస్తే వాళ్లెక్కడికి పోతారు?”

“నేను తీసేస్తున్నానా? మీరిచ్చిన పద్నాలుగు రిజిస్టర్లూ చూశాను. హెరాయిన్‌కి అలవాటుపడి ఇక్కడికొచ్చిన మగవాళ్లలో నూటికి పన్నెండు మంది దాంతోనే పోయారు. ఆడవాళ్లలో నూటికి ఇద్దరే. ఆ ఎనిమిది మంచాలూ మగవాళ్లకిమ్మంటున్నారు. కాదనడానికి నా దగ్గరేముంది?”

“ఇద్దరు కాదమ్మా.”

“మీ చేతిరాతే కదా.”

“నా చేతిరాతే. అదే... డాక్టర్లు సంతకం పెట్టి పడేసేవాళ్లు. కారణం గడి నేనే నింపేవాణ్ణి.”

“నింపి?”

“మగపిల్లాడైతే తండ్రి వచ్చేవాడు. ఉన్నదున్నట్టు రాయండి, మిగతావాళ్లకైనా బుద్ధొస్తుంది అనేవాడు. ఆడపిల్లయితే తల్లి వచ్చేది. ఇదిగో, ఈ బల్ల అంచు పట్టుకుని నిలబడేది. ‘ఇంకో పిల్లుంది బాబూ, చదువుకుంటోంది, దీని సంగతి తెలిస్తే దాని బతుకేం కావాలి’ అని...”

“మీరేం రాశారు?”

“గుండె ఆగి అని.”

“ఎంతమందికి?”

“మా ఆవిడ ఉన్నన్నాళ్లూ అనేది, నీ మెతకతనం ఎప్పుడో ఎవరి కొంపో ముంచుతుందని...”

“ఎంతమందికి బాబాయ్?”

“అలా రాసిన ప్రతి పేరు పక్కనా పెన్సిల్‌తో చుక్క పెట్టాను. చూడండి. ఈ పిల్లకి ఇరవై రెండేళ్లు. దీనికి పంతొమ్మిది. ఈ వయసులో గుండెలెందుకు ఆగుతాయమ్మా?”

“ఆగుతాయి. మా అక్కకి ఇరవై నాలుగు. నేను హాస్టల్ నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. అందుకే ఏటా గుండె పరీక్ష చేయించుకుంటా. మా పాపక్కూడా చేయిస్తున్నా. ఆ కాగితం చేతికొచ్చేదాకా ప్రాణం ప్రాణంలో ఉండదు... ఏంటలా చూస్తున్నారు?”

“ఏం లేదు. కాసిని మంచినీళ్లు తాగండి.”

“వద్దు. ముప్పై ఆరు... ముప్పై ఏడు చుక్కలు. వచ్చిన ఆడవాళ్లే తక్కువ కదా. ఇవి కలిపితే నూటికి మగవాళ్లకంటే ఎక్కువే పోయారు.”

“అయితే వార్డు ఉంటుందా?”

“ఉత్తరం మళ్లీ రాస్తా. మీ పేరు రాయక తప్పదు.”

“రాయండి. ఇంట్లో చీవాట్లు పెట్టేవాళ్లు కూడా లేరు.”

“ఆ ఎర్ర అట్ట రిజిస్టరు కూడా ఇటివ్వండి. బైండింగుకి పోయిందన్నారు, ఒళ్లో పెట్టుక్కూర్చున్నారే.”

“ఇది వద్దు లెండి. ఇందులో ఒకటే చుక్క.”

“ఒకటైనా మనిషే కదా. ఎందుకంత గట్టిగా పట్టుకున్నారు?”

“మాటిచ్చాను. ఆ తల్లికి...”

“అందరు తల్లులకీ ఇచ్చారుగా. ఇవ్వండి బాబాయ్.”

“పాపకి ఆ గుండె పరీక్షలు ఇక మాన్పించెయ్యమ్మా.”