పిల్లి పాలు తాగి వెళ్ళిపోయింది

నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. వయసు అరవై ఒకటి. వృత్తి సిటీ బస్సు కండక్టరు, రిటైరై మూడేళ్ళయింది. వీధిలో నన్ను రైట్‌రైట్ అమ్మమ్మ అంటారు. ఆ పేరు కూడా రాయమన్నాను, ఎందుకంటే అసలు పేరుతో అడిగితే నా ఇల్లు ఎవరూ చూపించలేరు. ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టంతో చెబుతున్నాను. గట్టిగా మాట్లాడుతున్నానని ఆఫీసరు గారు అన్నారు. నా గొంతే అంత. రాసుకునే ఆయన నెమ్మదిగా చెప్పమన్నారు. ప్రయత్నిస్తాను కానీ మాట ఇవ్వలేను, నిన్న మధ్యాహ్నం నుంచి నా ఒంట్లో రక్తం ఒకచోట నిలవడం లేదు. పిల్లలంతా బతికారు సార్. ముందు ఆ ముక్క రాసుకోండి, మిగతాది తర్వాత.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. వాళ్ళ కూతురికి నాలుగేళ్ళు. ఇంట్లో దాన్ని వసపిట్ట అంటాం. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా దాని నోరు మూతపడదు. నిద్రలో కూడా ఎవరితోనో వాదిస్తూ ఉంటుంది. ఇప్పుడు మీ కానిస్టేబుల్ గారిని పట్టుకుని, పడుకునేటప్పుడు టోపీ తీస్తారా లేదా అని నిలదీస్తున్నది ఆ పిల్లే. నా మోకాళ్ళు బాగుండవు, దాని వెనక పరిగెత్తలేను. అందుకని పగటిపూట డేకేర్‌లో వేశాం.

ఆ డేకేర్ మా వీధి మలుపులో మేడ మీద ఉంది. కింద పరుపుల కొట్టు. డేకేర్ నడిపే ఆవిడను అందరమూ మేడమ్ అంటాం. పరుపుల కొట్టు ఆవిడ మరిదిది. పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా ఉంది. గుమ్మం పక్కన అద్దం కట్టించి లైసెన్సు తగిలించారు. పన్నెండు మంది పిల్లలకు అనుమతి అని అందులో ఉంది. నా ఉద్యోగమంతా 'కూర్చోడానికి ఇంతమంది, నిలబడడానికి ఇంతమంది' అన్న బోర్డు కింద గడిచింది కాబట్టి అలాంటివి నా కళ్ళు వాటంతట అవే చదువుతాయి. చెప్పులు విడిచే చోట చూస్తే పన్నెండు జతలకు చాలా ఎక్కువే ఉండేవి. ఒకసారి అడిగాను కూడా. "కొందరు పూట పిల్లలమ్మా, వచ్చిపోతుంటారు" అంది మేడమ్, పళ్ళన్నీ కనబడేలా నవ్వి. ఆ నవ్వు ముందు ఇంకో ప్రశ్న వేయడం కష్టం, మీరూ చూసే ఉంటారు.

ఇక పిల్లి ఆట సంగతి. ఇది జాగ్రత్తగా రాసుకోండి, అంతా దీని మీదే ఉంది.

ఒక రోజు ఇంట్లో పిల్ల కనబడలేదు. వంటింట్లో లేదు, బాల్కనీలో లేదు. పిలిచాను, అరిచాను, తిట్టాను, బతిమాలాను. ఎక్కడా చప్పుడు లేదు. చివరికి మంచం కింద ట్రంకుపెట్టె వెనక దొరికింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. లాగినా రాదు. నావైపు చూసి, మూసుకున్న చేతుల సందులోంచి గుసగుసగా, "పిల్లి పాలు తాగి వెళ్ళిపోయింది అను అమ్మమ్మా. అప్పుడే వస్తా" అంది. అన్నాను. వెంటనే చంగున బయటికి గెంతి, "నేను గెలిచా!" అంది.

డేకేర్‌లో ఆయా ఆడించే ఆట అట. రెండుసార్లు బెల్లు మోగితే పిల్లి వచ్చినట్టు. ఎలుకలంతా సామాన్ల గదిలోకి పోయి దాక్కోవాలి. అయితే అందరూ ఎలుకలు కాదు, ఆయా వేలు పెట్టి చూపించినవాళ్ళే. నోరెత్తితే ఓడిపోయినట్టు. ఎవరు పిలిచినా పలకకూడదు. "ఎందుకే?" అని అడిగాను. "పిల్లి దొంగది అమ్మమ్మా. అమ్మ గొంతుతో కూడా పిలుస్తుంది. నీ గొంతుతో కూడా" అంది. ఆయా వచ్చి పాలు తాగి వెళ్ళిపోయిందని చెబితేనే ఆట అయిపోయినట్టు. గెలిచినవాళ్ళకు క్రీము బిస్కెట్టు. మా వసపిట్ట నోరు మూయించగల మనుషులు ఈ భూమ్మీద ఉన్నారా అని నేను మనసులోనే ఆ ఆయాకు దండం పెట్టుకున్నాను.

నిన్న మంగళవారం. పొద్దున తొమ్మిదింటికి నేనే పిల్లను దింపాను. సాయంత్రం దాకా ఉంచేదాన్ని కానీ, మా అమ్మాయికి సెలవు దొరికింది, త్వరగా తీసుకురమ్మంది. మూడుంబావు ప్రాంతంలో మలుపు తిరిగాను. పరుపుల కొట్టు వెనక నుంచి నల్లటి పొగ వస్తోంది. పైనున్న ఏసీలకు కొట్టు మీటరు నుంచి వెనక మెట్ల మీదుగా వైరు లాగారని, అక్కడే అంటుకుందని తర్వాత ఆ మరిదే చెప్పాడు. నేను వైరు చూడలేదు. ఆ మరిదిని చూశాను. గోడకున్న బెల్లు స్విచ్చు మీద వేలు పెట్టి ఎడాపెడా నొక్కుతున్నాడు, పైవాళ్ళకు నిప్పు సంగతి తెలియాలని.

ఇన్స్‌పెక్షన్ వాళ్ళ బండి వీధిలోకి వస్తే రెండుసార్లు బెల్లు కొట్టమని అతన్ని ఆ కొట్టులో కాపలా పెట్టింది వాళ్ళ వదినేనట. పాపం, ఆ గాభరాలో అతనికి అది గుర్తు రాలేదు. అతను ఎన్నిసార్లు నొక్కితేనేం, పైవాళ్ళకు మొదటి రెండు మోతలే చాలు.

నేను మెట్ల దగ్గర నిలబడి విన్నాను సార్. పైన చిన్న చిన్న పాదాలు బిలబిలా పరిగెత్తాయి. ఒక తలుపు పడింది. ఆ తర్వాత నిశ్శబ్దం. మెట్ల మీద మేడమ్ ప్రత్యక్షమైంది. జుట్టు సర్దుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, అదే నవ్వు. "రండి సార్, రండి, మీకోసమే చూస్తున్నాం" అంటూ దిగింది. ఎదురుగా ఎవరూ లేరు. నేనూ, పొగా.

"వదినా, నిప్పు! నిప్పంటుకుంది! నేను కొట్టింది దానిక్కాదు!" అని మరిది అరిచాడు.

ఫైలు జారిపోయింది. ఆవిడ వెనక్కి పరిగెత్తింది, అది నిజం, నేను కాదనను. ఆయా, ఆవిడ కలిసి పిల్లల్ని చేతులు పట్టించి వరసగా దించారు. రోడ్డు మీద జనం పోగయ్యారు. ఎవరో ఫైరింజనుకు ఫోన్ చేశారు. "లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అని నలుగురూ అడిగారు. మేడమ్ ఒగరుస్తూ, "లేరండీ, పన్నెండు మందే. అందరూ వచ్చేశారు" అంది.

నేను ఆ వరసలో ఒక్కొక్క మొహమే చూశాను. మాది లేదు.

"మా పిల్ల ఏదమ్మా?"

"మీ పాప ఇవాళ రాలేదు కదండీ."

ఎవరికి చెబుతోంది సార్? పొద్దున తీసుకొచ్చి, చెప్పుల బకిల్సు విప్పిందాన్ని నేను! "ఈ చేతుల్తో దింపి వెళ్ళాను, రాలేదంటావా?" అని నేను వేసిన కేక అవతలి వీధికి వినబడిందట. ఆవిడ రాక్షసి అని నేను అనను. తనిఖీకి వచ్చిన ప్రతి ఆఫీసరుకూ అదే మాట చెప్పి చెప్పి ఉంటుంది, నిన్న నోరు తనంతట తానే అనేసింది. అన్న తర్వాత తన మాట తనకే వినబడినట్టుంది, మొహం తెల్లగా పాలిపోయింది. ఆ గాభరాలో మరిచిపోయింది అప్పుడు గుర్తొచ్చి ఆయా అక్కడే కూలబడి, "సామాన్ల గదిలో ఉన్నారమ్మా! తాళం వేశాను, మేడమ్ వేయమంది!" అని గుండెలు బాదుకుంది. మేడమ్ నడుముకున్న తాళాల గుత్తి ఆవిడ చేతికి రావడం లేదు. నేనే లాక్కున్నాను. "ఎర్ర దారం కట్టిన తాళంచెవి!" అని ఆయా అరిచింది.

నేనూ మరిదీ పైకి పరిగెత్తాం. నా మోకాళ్ళ సంగతి ఇందాక చెప్పాను. నిన్న ఆ మోకాళ్ళు ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. హాల్లో కరెంటు పోయింది. గోడకున్న, నిప్పార్పే ఎర్ర సిలిండరు అందుకోబోతే దాని మెడకు పిల్లల తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. వాటిని పీకేసి అతను పిన్ను లాగితే చిలుము రాలింది తప్ప ఇంకేమీ రాలేదు. దాన్ని అవతల పారేసి, ఆ తువ్వాళ్ళు కుళాయి కింద తడిపి ముక్కులకు కట్టుకున్నాం.

తలుపు తీశాను. గదంతా పొగ. ఎదురుగా రెండో తలుపు, దానిమీద అత్యవసర ద్వారం అని పచ్చ బోర్డు, ఆ తలుపుకు అడ్డంగా పైకప్పు దాకా పరుపులు. ఆ తలుపు కింది నుంచే పొగ వస్తోంది. ఆ పరుపులు తనవేనని గుర్తొచ్చి కాబోలు, మరిది తల బాదుకున్నాడు. గదిలో ఒక్క పిల్ల కూడా కనబడలేదు. ఒక్క ఏడుపు లేదు. ఒక్క దగ్గు లేదు.

"వసపిట్టా!" అన్నాను. జవాబు లేదు. "అమ్మమ్మనే, వచ్చానే తల్లీ, రావే!" అన్నాను. జవాబు లేదు. మరిది, "పిల్లలూ, బయటికి రండి, నిప్పు!" అని అరిచాడు. జవాబు లేదు. నోరు తెరిస్తే ఆపలేని పిల్ల సార్ అది. పలకడం లేదంటే నేనేం అనుకోవాలి? నేల మీద పడి తడుముతున్నాను. చేతికి ఒక చిన్న మడమ తగిలింది. వెచ్చగా ఉంది. పట్టుకోగానే లోపలికి లాగేసుకుంది.

లాగేసుకుంది! అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. పిల్లలు స్పృహ తప్పలేదు. ఆట ఆడుతున్నారు. నేను వాళ్ళకు అమ్మమ్మను కాను, అమ్మమ్మ గొంతుతో పిలిచే పిల్లిని. ఎంత ముద్దుగా పిలిస్తే అంత గట్టిగా నోరు మూసుకుంటారు.

నిలబడ్డాను. కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినబడే గొంతు తీశాను. "పిల్లి పాలు తాగి వెళ్ళిపోయిందీ! ఎలుకలన్నీ బయటికీ!"

ఏం చెప్పమంటారు సార్! పరుపుల సందుల్లోంచి, చుట్టల్లోంచి, విరిగిన ఉయ్యాల కింది నుంచి పిల్లలు! దగ్గుతున్నారు, కళ్ళు నులుముకుంటున్నారు, నవ్వుతున్నారు! "నేను గెలిచా", "కాదు నేను", "నాకు బిస్కెట్టు!" మా అల్లుడి లారీలోంచి లోడు దిగినట్టు దిగుతూనే ఉన్నారు. తొమ్మిది మంది. మాది అందరికంటే చివర వచ్చింది, చివరిదాకా దాక్కున్నానని గొప్పలు పోతూ.

ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకోమన్నాను. చిన్నవాళ్ళిద్దరినీ మరిది భుజాన వేసుకున్నాడు. "ఆగకండి, ముందుకు జరగాలి, ముందుకు జరగాలి, రైట్ రైట్!" అని నేను వెనక నుంచి కేకలు. పిల్లలు కూడా "రైట్ రైట్" అని అరుస్తూ మెట్లు దిగారు. మేము రోడ్డు మీదికి వచ్చేసరికి ఫైరింజను మలుపు తిరుగుతోంది. ఇద్దరికి ఊపిరాడక ఆసుపత్రిలో ఉంచారు, ఈ పొద్దున ఇళ్ళకు వెళ్ళారు. ఆ తల్లులు నన్ను పట్టుకుని ఏడ్చారు, నేనూ ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు మూస్తే ఆ మడమ వెచ్చగా చేతికి తగులుతోంది.

పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆ గదిలో దూరారని, తాళం ఆయా సొంత తెలివితో వేసిందని మేడమ్ రాసిచ్చిందని ఆఫీసరు గారు చెప్పారు. అది అబద్ధం. ఆయా తప్పు ఆయాది, కానీ వేయమంది మేడమ్ అని ఆయా అరిచినప్పుడు మేడమ్ పక్కనే ఉంది, కాదనలేదు. ఆవిడ ముందు నిలబడి ఈ మాట ఎక్కడ చెప్పమన్నా చెబుతాను.

ఇప్పుడు ఇంకొకటి రాయాలి. ఇది నేను చెబుదామని వచ్చింది కాదు. ఇందాక నా గొంతు బొంగురుపోతోందని ఆఫీసరు గారు మంచినీళ్ళ కోసం బల్ల మీది బెల్లు రెండుసార్లు కొట్టారు. అప్పటి నుంచి మా పిల్ల మాట వినబడటం లేదు. దానికి చూపించడానికి కానిస్టేబుల్ గారు తీసిన టోపీ బల్ల మీదే ఉంది. పిల్ల మీ బీరువా వెనక ఉంది, పాదం కనబడుతోంది.

ఆ మాట అంటే చిటికెలో వస్తుంది. "అనేయండమ్మా" అని ఆఫీసరు గారూ అన్నారు. అనను సార్. ఆ మాట నిన్నటితో సరి. దాని అమ్మ పిలిస్తే అది అమ్మ అని దానికి తెలియాలి. నేను పిలిస్తే నేనని తెలియాలి. నాకు కావలసిన న్యాయం అదీ, ఇంకేమీ అక్కర్లేదు. బీరువా పక్కన నేల మీద కూర్చుంటున్నాను. మామూలుగా పిలుస్తాను. అది వచ్చాకే సంతకం పెడతాను, ఎంతసేపైనా సరే.

రాసినవారి గమనిక: సాక్షి చెప్పినది చెప్పినట్టు రాసి, ఆమెకు చదివి వినిపించాను. ఆ తర్వాత ఆమె బీరువా దగ్గర కూర్చుని చాలాసేపు పాపను పిలిచారు. చివరికి బీరువా వెనక నుంచి, "నువ్వు నిజంగా అమ్మమ్మవేనా?" అని అడిగింది. "నిజంగా నేనేనే" అని సాక్షి అన్నారు. పాప తనంతట తాను బయటికి వచ్చింది. ఇందులోని ప్రతి మాటా నిజమని సాక్షి ఒప్పుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని నా ఎదుట సంతకం చేశారు.

(సంతకం)
రైట్‌రైట్ అమ్మమ్మ