ఏడో గడి

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి, భర్తకి భయపడి, తెలియకుండా వేరే ఇంట్లో దాక్కున్న ఒకామెను ఆ భర్తే గుమ్మంలో కత్తితో పదకొండుసార్లు పొడిచాడు. మధ్యాహ్నం, కోర్టు నోటీసులు ముద్రించే ఆఫీసులో మహిళా ఎస్సై ప్రోగ్రామర్‌ని కూర్చోబెట్టి మాట్లాడింది.

“ఈ నోటీసు వాడి జేబులో దొరికింది. రక్తం అంటింది, అంచు పట్టుకో. చదువు.”

“‘గురువారం తొమ్మిదిన్నరకి ఈ కింది చిరునామాలో విచారణకు హాజరు కావలెను.’”

“కిందున్నది ఎవరిల్లు?”

“...ఆమెది మేడమ్.”

“వాడేమంటున్నాడో తెలుసా? ‘మీరే రమ్మన్నారు, వెళ్ళాను’ అంటున్నాడు. కోర్టు అడ్రసు ఉండాల్సిన చోట ఆవిడ ఇల్లెలా వచ్చింది?”

“టేబుల్‌లో వరసగా గళ్ళుంటాయి మేడమ్. నా కోడు ‘ఏడో గడిలో ఉన్నది తే’ అంటుంది. ఏడోది కోర్టు అడ్రసు. పోయిన వారం, ఇలా దాక్కున్నవాళ్ళ కొత్త ఇళ్ళు రాయడానికి మధ్యలో ఇంకో గడి చేర్చాం. అదే ఏడోదైంది. కోర్టు ఎనిమిదికి జరిగింది.”

“గడిని పేరు పెట్టి అడగలేవా?”

“అడగొచ్చు. అప్పుడు ఎటు జరిగినా...”

“మరి?”

“అంకె అయితే కంప్యూటర్ కాస్త తొందరగా చదువుతుందని...”

“‘వీధిలో ఏడో ఇల్లు’ అని ఉత్తరం రాస్తే పోస్టుమ్యాన్ కూడా నవ్వుతాడయ్యా. ఉండు, ఆస్పత్రి నుంచి ఫోను. ఆ... ఎప్పుడు?... సరే. పిల్లకి ఇప్పుడే చెప్పకండి.”

“ఆవిడకి ఎలా ఉంది మేడమ్?”

“పోయింది.”

“అయ్యో...”

“నీళ్ళు తర్వాత తాగుదువుగాని. కూతురు తలుపు వెనకనుంచి పదకొండు పోట్లూ చూసింది. ఇలాంటి నోటీసులు ఇంకెన్ని వెళ్ళాయి?”

“ఇప్పటికిప్పుడంటే చెప్పలేం మేడమ్, చూడాలి...”

“చూడు. ఈపాటికి ఇంకో గుమ్మంలో ఇంకొకడు నిలబడి ఉండొచ్చు.”

“...పదమూడు. అన్నీ శనివారం పోస్టులో వెళ్ళినవే. ఇదిగోండి, పేర్లు, ఇళ్ళు, ఫోన్లు.”

“హెడ్ కానిస్టేబుల్ గారూ! ఈ పదమూడు ఇళ్ళకీ మనుషుల్ని పంపండి. ముందు ఫోన్లు చెయ్యండి, తలుపు తియ్యొద్దని చెప్పండి. ...ఈ లిస్టు ఇంత తొందరగా ఎలా తీశావ్?”

“తీసే ఉంది మేడమ్.”

“ఎప్పట్నుంచి?”

“తప్పు సరిచేసినప్పుడే...”

“అదే, ఎప్పుడు?”

“ఉద్యోగం పోతుందని చెప్పలేదు... ఎవరికీ ఏమీ కాదులే అనుకుని...”

“రోజు చెప్పు.”

“సోమవారం. సాయంత్రం అయిదూ పదికి.”