కాకి ముట్టని తెల్లబువ్వ

"నాయినమ్మా, చిన్నప్పుడు నీకు దయ్యం దోస్తు ఉండెనట, నిజమేనా?"

నిజం గాకపోతే నా నోట్ల మిగిలిన ఈ రెండు పండ్లు సుత ఇప్పుడే రాలిపోవాలె. ఒక్క ముక్క కలిపి చెప్పను. మీ నాయిన నమ్మడు, ఆడు పుట్టినకాడి సంది గంతే.

మాది పాలకీడు దిక్కు. నిజాం రాజ్యం ఇంకా పోలేదు. మా జొన్నచేను ఎంత ఎత్తంటే, ఏనుగు జొరబడితే ఆరునెలలు ఎతుకాలె. నవ్వకు. ఆ ఏడు నిజాం తుపాకులోళ్లు లారీల వచ్చి మా అన్న సోమయ్యను, ఇంకింతమంది పడుసు పోరగాండ్లను సూర్యాపేట బాట మీద నిలవెట్టి కాల్చిండ్రు. అందరిని ఒక్క కుప్పేసి అంటువెట్టిండ్రు. ఏది మా అన్న బూడిదో, ఏది పక్కింటోళ్ల కొడుకుదో ఎట్ల తెలుస్తది చెప్పు.

మా అమ్మ ఏడ్వలేదు. పిట్టకు పెట్టింది. తెలుసు గద, సచ్చినోళ్లకు వండి గోడ మీద పెడితే కాకి ముట్టాలె, గప్పుడే ఇంటోళ్లు తినాలె. దొర ఇంటికాడ కొంగు సాపి బియ్యం తెచ్చి తెల్లబువ్వ వండింది. కొడుకుకు ఆఖరిసారి గదా అని. కాకి రాలె. మరునాడు పెట్టింది, రాలె. ఆ ఏడు కాకులకు మన బువ్వ ఎందుకు బిడ్డా. బాటల పొంటి పూడ్చెటోళ్లు లేక పడున్నోళ్లతోనె వాటి కడుపులు నిండినయ్.

కాకి ముట్టందే నేను ముట్ట అని అమ్మ పండుకున్నది. నాయిన గంజి పట్టుకొని కూసుంటే మొకం గోడకు తిప్పేది. పక్కకు ఒత్తిగిలితే ఎముకలు గలగలమనేవి, ఒట్టు. ఇగ ఈమె సుత పోతది అనుకున్న.

మిట్టమధ్యానం మా మోటబావి కాడికి పోయి ఏడ్సేదాన్ని. గాడ ఎల్లి అనే పోరి కూసోని ఉండె. మా ఎనుకింటిదే, నా ఈడుదే. ముందటేడు గత్తర, అదే కలరా వచ్చి, దాన్ని సుత కలిపి దాని ఇల్లంత ఊడ్సుకపోయింది. భయం గాలేదా అంటవు. ఆ ఏడు బతికున్నోళ్లను సూస్తెనే భయం, సచ్చినోళ్లతోని ఏం భయం? దయ్యాల కాళ్లు ఎనుకకు ఉంటయంటరు గద, సూసిన. సక్కగనె ఉన్నయ్. లోకమంత ఉత్త అబద్ధాలు చెప్తది.

నేను జొన్నకంకి కాల్చిస్తే అది వాసన పీల్చి నాకే ఇచ్చేది. దయ్యంతోని దోస్తానుకు గిదే లాభం. ఒకనాడు అడిగింది:

"మీ అన్న తిన్నడా?"

"కాకి రాలేదే."

"ఏం పెట్టిండ్రు?"

"తెల్లబువ్వ."

"ఓసి పిచ్చిదానా, మీ అన్న ఎన్నడన్న తెల్లబువ్వ తిన్నడా? దొర ఇల్లనుకోని మర్లిపోతుండు. గటక పెట్టుండ్రి." తల వంచుకొని మల్ల అన్నది, "నాకు సుత ఒక బుక్కెడు పెట్టరాదె. నాకు పెట్టెటోళ్లు లేరు."

ఇంటికి ఉరికిన. జొన్నలు కచ్చాపచ్చ దంచి గటక నేనే ఉడికేసిన, అడుగంత మాడ్చిన. గోడ మీద పెద్ద ముద్ద అన్నకు, పక్కన చిన్నది ఎల్లికి పెట్టిన. నాయిన అమ్మను ఎత్తుకొచ్చి వాకిట్ల కూసోబెట్టిండు. మాడు వాసనకు అమ్మ కండ్లు తెరిసింది. "వానికి మాడంటే పానం" అన్నది.

కాకి వచ్చింది. కోడిపుంజంత ఉంటది. కాదు కాదు, మేకపిల్లంత. పెద్ద ముద్ద ముట్టింది. దాని ఎనుక ఈకలు రాలిన బక్క కాకి ఒకటి దిగి, చిన్న ముద్దను ముక్కున కరుసుకొని ఎగిరిపోయింది. గప్పుడు ఏడ్సింది మా అమ్మ. ఆ ఏడుపుకు మిర్యాలగూడల కుక్కలు లేసినయ్. ఏడ్సి ఏడ్సి, కుండ అడుగు గోకి తిన్నది.

మరునాడు కంకి కాల్చుకొని బావికాడికి పోయిన. ఎల్లి లేదు. పిలిసిన. కంకి సల్లారిందాక కూసున్న. దాని కడుపు నిండింది గద, ఇగ నాతోని ఏం పని. అన్న పోయె, అది పోయె. ఆ కంకి తినబుద్ధిగాక బావిల ఏసిన.

ఇయ్యాల పెత్రమాస, సచ్చినోళ్లకు పెట్టె అమాస. నా మోకాళ్లు మెట్లెక్కనిస్తలేవు. జర గా గటక గిన్నె పట్టుకపోయి డాబా గోడ మీద పెట్టు. పెద్ద ముద్ద మా అన్నది, చిన్నది ఎల్లిది. మాడిందని పారేసేవు, కావాలనే మాడ్చిన. చిన్నదాన్ని కాకి ముట్టిందాక గాడనే నిలబడు బిడ్డా. నేను పోయినంక దానికి పెట్టెటిదానివి నువ్వే. పో, సల్లారకముందే పో.