వాల్యూమ్ పక్కన ఎర్ర చుక్క

“గోళ్ళరంగు తుడుచుకునే నా సీసా ఎవరు ఖాళీ చేశారు?”

“నేనే. అరసీసాకి ఇంత రాద్ధాంతమా? మీ నాన్నగారి ఆంప్లిఫయర్ తుడిచాను. చూడు, అద్దంలా లేదూ?”

ఆమె తండ్రి పోయాక అటకెక్కిన ఆ పెట్టెను ఆమె భర్త ఆదివారాలన్నీ ధారపోసి, భోజనాల బల్ల మీదే విప్పి ఎట్టకేలకు బాగుచేశాడు. ఆమె వంగి దాని ముందు ప్యానెల్ చూసింది.

“వాల్యూమ్ పక్కన ఎర్ర చుక్క ఉండాలి. ఏదీ?”

“అదా? ఏదో మరక. గోకినా పోలేదు, అందుకే నీ సీసా...”

“మరకా! మా అమ్మ తన గోళ్ళరంగుతో పెట్టిన చుక్కండీ అది. నాన్న పాట పెడితే వీధి చివరిదాకా వినపడేది. ‘ఈ చుక్క దాటారో, ఫ్యూజు పీకేస్తాను’ అంది. అమ్మ పోయాక కూడా ఆయన దాన్ని దాటలేదు!”

“నాకేం తెలుసు? ముందే చెప్పొచ్చుగా.”

“మీరు అడగొచ్చుగా! కండెన్సర్ల గురించి ఊళ్ళో కనపడిన ప్రతివాణ్ణీ అడిగారు. ఇంట్లో ఉన్నదాన్ని అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు!”

“సరే, తప్పే. ఎక్కడుండేదో చెప్పు, మళ్ళీ పెడతాను.”

“మీ చేత్తో వద్దు.”

భోజనాల వేళ పెట్టెను ఓ పక్కకు జరిపి, అతని పళ్ళెంలో వడ్డిస్తూ ఆమె తేల్చి చెప్పింది.

“తిన్నాక పాట పెట్టి మెల్లగా పెంచండి. అమ్మలాగే నేను వంటింట్లో నిలబడతాను. ‘ఇక చాలు’ అన్నచోట ఆపాలి. చుక్క అక్కడ నేనే పెడతాను.”

“మరి నువ్వు చాలనకపోతే?”

“అమ్మ కూతుర్ని, అనకుండా ఉంటానా? ఆ తర్వాత మాత్రం గుడ్డ పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళారో, ఫ్యూజు పీకేస్తాను.”