"తగ్గింది" అన్న మాటను తిరగరాసిన చెక్క మేడంగారు

పంతొమ్మిది వందల తొంభైమూడు జూన్ పద్నాలుగున వృక్షరసాయన విభాగంలో సహాయకురాలిగా చేరి, ఈ నెలాఖరున విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన 'చెక్క మేడం'గారికి ఆ పేరు దాల్చినచెక్క పెట్టింది. వారు నడిచి వెళ్లిన వరండాలో పావుగంటదాకా ఆ వాసన వదిలేది కాదు మరి.

తొలి పదేళ్లూ బెరళ్లు ఎండబెట్టడంలో, నూరడంలో, సారం తీయడంలో గడిచాయి. నెలసరి గతి తప్పించే పీసీఓఎస్ అనే జబ్బుకు ఆ సారం పనికొస్తుందా అన్న ప్రశ్న తరువాత వారిని పట్టుకుని వదల్లేదు. ఎలుకల్లో ఫలితం బాగుంది. స్త్రీలలో ఇంకా బాగుంది: సారం గుళికలు మింగిన అరవైనాలుగు మందిలో నలభైఒక్కరి పేర్ల ఎదుట నర్సమ్మ "తగ్గింది" అని రాసింది. అదే జబ్బుతో బాధపడుతున్న మేడంగారి కూతురు ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అది.

వ్యాసం పత్రికకు పంపాల్సిన ఉదయం మేడంగారు మాటవరసకు అడిగారు.

"ఏం తగ్గిందమ్మా?"

"వాళ్లు తగ్గిందన్నారు, నేను రాసేశాను. జబ్బే కదండీ?"

"నెలసరి ఇంకా తక్కువైనా తగ్గిందనే అంటారు కదమ్మా!"

నర్సమ్మ నాలిక్కరుచుకుంది. పక్కనున్న సహాయకుడు గొణిగాడు: "ఇప్పుడు తేనెతుట్టెను కదపడం ఎందుకండీ?"

"కదపకపోతే రేపు మన మందు మింగినవాళ్లని కుడుతుందోయ్."

పోల్చి చూడటానికి మందులేని ఉత్త పిండి గుళికలు ఇచ్చినవారితో సహా అందరికీ, ఏం తగ్గిందో కనుక్కుంటూ పంతొమ్మిది రోజులు మళ్లీ ఫోన్లు చేశారు. "మా అత్తగారికన్నా మీరే ఎక్కువ ఆరా తీస్తున్నారండీ!" అని ఒకావిడ నవ్వింది కూడా. చివరికి నలభైఒకటి కాస్తా పదిహేడైంది. పిండి గుళికలు మింగిన అరవైనాలుగు మంది జట్టులోనూ పదిహేనుమందికి నెలసరి కుదుటపడింది. అంటే తేడా లేనట్టే. వ్యాసం ఆ అంకెలతోనే వెళ్లింది.

"మరి నేను వేసుకోనా అమ్మా?" అని కూతురు అడిగింది.

"ఇంకా చెప్పలేను తల్లీ."

"ఆరేళ్లు ఇంట్లో ఆ వాసన పీల్చింది ఇందుకా?"

మేడంగారు మర్నాడు తొమ్మిదింటికల్లా ప్రయోగశాలలో ఉన్నారు, అంతే.

ఆ బెరడులోంచి విడదీసిన ఒకే ఒక పదార్థంతో కొత్త పరీక్ష నిరుడు మొదలైంది. ఫలితం తేలడానికి ఇంకా నాలుగేళ్లు పడుతుంది. ఆ రోజున అవునైనా, కాదైనా, ఆ మాట కూతురికి తామే స్వయంగా చెప్పి, ఆపైన మరెన్నో ఏళ్లు మోకాళ్ల నొప్పి ఎరగకుండా, కంటిచూపు చెదరకుండా మేడంగారు హాయిగా ఉండాలని విభాగమంతా మనసారా కోరుకుంటోంది.